ఎంత వేగంగా వచ్చిందో రోడ్డు చెబుతుంది

తెలుగునాట ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా రోడ్డు ప్రమాదాల ఎఫ్ఐఆర్‌లు తిరగేయండి. "డ్రైవర్ వాహనాన్ని అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అన్న వాక్యం దాదాపు ప్రతిదానిలోనూ కనిపిస్తుంది. అతివేగం అంటే గంటకు ఎన్ని కిలోమీటర్లో మాత్రం కనిపించదు. కేసు కోర్టుకెక్కాక డ్రైవర్ తరఫు వకీలు పట్టుకునేది సరిగ్గా ఆ ఖాళీనే. "వేగంగా వచ్చిందంటున్నారు, ఎంత వేగం? మీరెలా చెప్పగలరు?" అని అడుగుతాడు. టీ కొట్టు దగ్గర నిలబడి చూసిన సాక్షి దగ్గర దానికి జవాబు ఉండదు.

1982 నవంబర్‌లో కర్ణాటకలో జనంతో కిక్కిరిసిన లారీ ఒకటి వాగు దాటుతూ బోల్తాపడింది. 15 మంది చనిపోయారు. లారీ వేగంగా వెళ్తోందని సాక్షులు చెప్పారు. కింది కోర్టులు డ్రైవర్‌కు శిక్ష వేశాయి. హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలేసింది, 1998లో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. వేగం అన్నది సాపేక్షమైన మాట, ఆ చోట, ఆ పరిస్థితిలో ఎంతను ఎక్కువ వేగం అంటున్నారో ప్రాసిక్యూషనే చూపాలి, వేగంగా వెళ్లాడన్న ఒక్క మాటతో నిర్లక్ష్యం రుజువు కాదు అన్నది ఆ తీర్పు సారాంశం.

దానికి ముందే, 1977లో, అదే సుప్రీంకోర్టు మరో ప్రమాదాన్ని పరిశీలించింది. 1960 డిసెంబర్‌లో నాగపూర్ నుంచి పాంఢుర్ణా వెళ్తున్న కారు ఒక చెట్టుకు గుద్దుకుంది. రోడ్డు తిన్నగా ఉంది, ఎదురుగా వాహనాలేమీ లేవు. కారు కుడివైపు చివరకంటా వెళ్లి చెట్టును కూల్చేసింది. ఇంజన్ తన చోటు నుంచి అడుగు మేర వెనక్కి జరిగింది. కారు ఎంత వేగంతో వెళ్లిందో అంకెల్లో చెప్పినవారెవరూ లేరు. అయినా డ్రైవర్‌దే తప్పని కోర్టు తేల్చింది. జరిగిన తీరే తప్పును చెబుతోంది, అది తన తప్పు కాదని చూపుకోవలసింది డ్రైవర్ పక్షమే అంది.

మొదటిది క్రిమినల్ కేసు, రెండోది పరిహారం కేసు. రెంటికీ కావలసిన రుజువు స్థాయి వేరు. ఆ తేడా అలా ఉంచినా, మొదటి కేసులో ఉన్నది ఒక మాట, రెండోదాంట్లో ఉన్నవి కూలిన చెట్టు, జరిగిన ఇంజన్. వేగాన్ని రుజువు చేసే శాస్త్రమంతా ఇలాంటి గుర్తుల మీదే నిలబడింది.

కళ్లు అంకెలు చెప్పలేవు

చూసినవాడు అబద్ధం చెబుతున్నాడని కాదు. మన మెదడుకు వేగాన్ని కొలిచే సాధనం లేదు. సైలెన్సర్ మోత ఎక్కువగా ఉన్న బండి ఉన్నదానికంటే జోరుగా పోతున్నట్టు అనిపిస్తుంది. పెద్ద వాహనం మెల్లగా వస్తున్నట్టు కనిపిస్తుంది. రైలుగేటు దగ్గర జనం పొరపడటానికి ఇదీ ఒక కారణమే. పైగా, చూసినదానిని గుర్తుచేసుకునేటప్పుడు జ్ఞాపకం మారిపోతుంది.

1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్ల వేగం ఎంతని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియాపదం మాత్రం మార్చారు. కార్లు ఒకదాన్నొకటి "తాకినప్పుడు" అని అడిగినవారు సగటున గంటకు 51 కిలోమీటర్లన్నారు. "బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు" అన్న అర్థంలో అడిగితే అదే ఫిల్ములకు జవాబు 65కు చేరింది. మరో విడతలో వారం తర్వాత పిలిచి, పగిలిన అద్దం చూశారా అని అడిగారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. అయినా గట్టి పదం విన్నవారిలో చూశామన్నవారు రెండింతల పైగా ఉన్నారు. మన స్టేషన్లలో సాక్షి వాంగ్మూలం రాసుకునే ముందు అడిగే ప్రశ్న ఏమిటో ఒకసారి ఊహించుకోండి: "బండి స్పీడుగా వచ్చిందా?"

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. అందులో 71.2 శాతానికి అతివేగమే కారణమని ఉంది. ఆ లెక్కకు ఆధారం పోలీసుల రికార్డులు. అతివేగం ఈ దేశంలో మనుషుల్ని చంపుతోందనడంలో నాకు అనుమానం లేదు. అయితే అన్ని వేల కేసుల్లో కాగితం మీద పడ్డ ఆ మాట వెనుక కొలత ఉండి ఉంటే, ఎన్ని కుటుంబాలకు న్యాయం తేలికయ్యేదో.

శక్తి ఎక్కడ ఖర్చయింది?

కదిలే కారులో శక్తి ఉంటుంది. కారు ఆగిందంటే ఆ శక్తి అంతా ఎక్కడో ఖర్చయినట్టే. కొంత టైరు, రోడ్డు రాపిడిలో వేడిగా పోతుంది, కొంత బానెట్ రేకు నలగడానికి, కొంత చెట్టు విరగడానికి పోతుంది. ప్రమాద పరిశోధకుడు చేసేది జమాఖర్చుల లెక్కే. ఖర్చులన్నీ ఒక్కొక్కటిగా రాసి కూడితే, మొదట జమ ఎంత ఉండిందో తెలుస్తుంది. ఆ జమే వేగం.

ఈ లెక్కలో తెలియాల్సిన అసలు సంగతి ఒకటుంది. వేగం రెట్టింపైతే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మంచి తారురోడ్డు, పొడి వాతావరణం, పూర్తిగా తొక్కిన బ్రేకు అనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల మీద ఉన్న కారు ఆగడానికి సుమారు 20 మీటర్లు జారుతుంది. 80 మీద ఉంటే 36 మీటర్లు, 100 మీద ఉంటే 56. అందుకే రోడ్డు మీద 36 మీటర్ల నల్లటి టైరు చార పడి, దాని చివర కారు ఆగి ఉంటే, బ్రేకు పట్టిన క్షణంలో వేగం 80 దాకా ఉందని చెప్పవచ్చు.

నిజానికి "కనీసం 80" అనాలి. బ్రేకు తొక్కగానే చార పడదు. టైరు వేడెక్కి రోడ్డుకు రబ్బరు పూసేలోపే కొంత వేగం తగ్గిపోయి ఉంటుంది. కాబట్టి చార చెప్పేది ఎప్పుడూ కింది హద్దే. నిందితుడికి అన్యాయం జరగకుండా చూసే గుణం ఈ లెక్కలోనే ఉంది.

చార చివర కారు ఆగలేదు, ఆటోను గుద్దింది అనుకుందాం. చార పొడవును బట్టి 60 కిలోమీటర్ల వేగానికి సరిపడా శక్తి రోడ్డు మీద ఖర్చయింది. నలిగిన రేకును బట్టి చూస్తే మరో 60కి సరిపడా శక్తి గుద్దడంలో పోయింది. మొత్తం 120 అని కూడేస్తారు చాలామంది, కొందరు వకీళ్లు కూడా. అది తప్పు. వేగాలు కూడవు, శక్తులే కూడతాయి. సరైన జవాబు సుమారు 85. ఈ ఒక్క చోట పొరపడితే మంచి కేసు కూడా క్రాస్ ఎగ్జామినేషన్‌లో కూలిపోతుంది.

రోడ్డు పట్టు ఎంత అన్నది రెండో చిక్కు. వాన పడ్డ రోడ్డు మీద పట్టు బాగా తగ్గుతుంది, ఇసుక ఉంటే ఇంకా తగ్గుతుంది. కారు టైరుకున్నంత పట్టు లారీ టైరుకు ఉండదు. పుస్తకంలోని అంకె వేసుకుంటే ప్రతివాది నిపుణుడు దాన్ని తేలిగ్గా కొట్టేస్తాడు. అందుకే మంచి పరిశోధకుడు అదే చోట, అదే రకం టైరున్న బండితో, తెలిసిన వేగం నుంచి బ్రేకు వేసి చూస్తాడు. ఆ రోడ్డు పట్టును ఆ రోడ్డే చెబుతుంది.

మన దగ్గర జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు విలువ ఇక్కడే తెలుస్తుంది. యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదని ఆయన రాసే ఒక్క వాక్యంతో "బ్రేకులు ఫెయిలయ్యాయి" అన్న సాకు పోతుంది, చారల లెక్కకూ పునాది పడుతుంది.

> ఏబీఎస్ బండికి చారలు పడవా?
>
> పాత బండ్లలో బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోయి, టైరు ఈడ్చుకుపోతూ నల్లటి చార గీసేది. ఏబీఎస్ ఆ చక్రాన్ని సెకనుకు చాలాసార్లు పట్టి వదులుతుంది. అందువల్ల చార పడినా లేతగా, తెగుతూ పడుతుంది. మిట్టమధ్యాహ్నం నిలబడి చూస్తే కనపడకపోవచ్చు. వంగి, రోడ్డు వెంబడి ఏటవాలుగా చూస్తే దొరుకుతుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు, 125 సీసీ దాటిన బైకులకు ఏబీఎస్ తప్పనిసరి. చార లేదు కాబట్టి బ్రేకే వేయలేదని పంచనామాలో రాయడం ఈ రోజుల్లో ప్రమాదకరం.

వంపు తిరిగిన చార

తిన్నటి చార బ్రేకుది. వంపు చార కథ వేరు. మలుపులో వేగం ఎక్కువైతే చక్రాలు తిరుగుతూనే పక్కకు జారుతాయి. ఆ చారను దగ్గర నుంచి చూస్తే దాని మీద అడ్డంగా, ఏటవాలుగా సన్నటి గీతలుంటాయి. బ్రేకు చారలోని గీతలు పొడవునా ఉంటాయి. ఈ తేడా పట్టుకోగలిగితే డ్రైవర్ బ్రేకు మీద ఉన్నాడా, అదుపు తప్పి జారాడా అన్నది తేలిపోతుంది.

దీన్ని కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. వంపు చార మీద రెండు చోట్ల తాడు కొసలు పట్టుకుని బిగించాలి. తాడు 30 మీటర్లు, దాని నడిమధ్య నుంచి చార ఒకటిన్నర మీటరు దూరంలో ఉందనుకోండి. అది సుమారు 75 మీటర్ల వ్యాసార్థమున్న వలయంలో ముక్క. అలాంటి వలయంలో పొడి రోడ్డు మీద టైరు పట్టు జారిపోవాలంటే కారు గంటకు 82 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక తాడు, ఒక టేపు చాలు. కారు బరువు కూడా తెలియనక్కర్లేదు.

2019 నవంబర్ 23న హైదరాబాద్ బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద నుంచి ఒక కారు కింద పడింది. కింద రోడ్డు పక్కన నిలబడిన మహిళ చనిపోయింది. అక్కడ వేగ పరిమితి 40. కారు 100 దాటి వెళ్లిందని పోలీసులు ప్రకటించారు. మలుపులో టైరుకు కావలసిన పక్కపట్టు కూడా వేగపు వర్గాన్ని బట్టే పెరుగుతుంది. 40కి సరిపోయే పట్టుకు 100 దగ్గర ఆరింతల పైన కావాలి. అప్పట్లో ఆ వంతెన డిజైన్ మీద కూడా గట్టి చర్చ జరిగింది, నిపుణులు పరిశీలించేదాకా ఫ్లైఓవర్‌ను మూసి ఉంచారు. రోడ్డు తప్పునూ డ్రైవర్ తప్పునూ విడదీయాలంటే కొలతలు తప్ప దారి లేదు.

కెమెరా సాక్ష్యం

ఇప్పుడు చాలా కేసుల్లో మొదట వెతికేది సీసీ కెమెరా. రోడ్డు పక్కన బట్టల షాపు పెట్టుకున్న కెమెరా చాలు. తెర మీద రెండు స్థిరమైన గుర్తులు కావాలి. రెండు కరెంటు స్తంభాలు, జీబ్రా గీతల అంచు, డివైడర్ మీద రంగు మారే చోటు, ఏవైనా సరే. వాటి మధ్య దూరాన్ని రోడ్డు మీదికి వెళ్లి టేపుతో కొలవాలి. వీడియోలో కారు ముందు చక్రం మొదటి గుర్తు నుంచి రెండో గుర్తుకు చేరేలోపు ఎన్ని ఫ్రేములు గడిచాయో లెక్కపెట్టాలి.

దూరం 30 మీటర్లు, కెమెరా సెకనుకు 25 ఫ్రేములు, గడిచినవి 33 ఫ్రేములు అనుకుంటే కారు వేగం గంటకు 82 కిలోమీటర్లు వస్తుంది. లెక్క అక్కడితో ఆపకూడదు. ఒక ఫ్రేము అటూఇటూ పొరపడి ఉంటే? 32 అయితే 84, 34 అయితే 79. కాబట్టి కోర్టుకు చెప్పాల్సింది "79 నుంచి 84 మధ్య" అని. ఒకే అంకెను గట్టిగా చెప్పే నిపుణుడికంటే హద్దులు చెప్పే నిపుణుణ్ణే నేను నమ్ముతాను. చవక కెమెరాలు చీకట్లో ఫ్రేములు తగ్గించేస్తాయి, మధ్యలో కొన్నిటిని వదిలేస్తాయి కూడా. సెకనుకు 25 అని డబ్బా మీద రాసి ఉంటే సరిపోదు, ఆ రికార్డులో నిజంగా ఎన్ని ఉన్నాయో చూడాలి.

వీడియో దొరికినంత మాత్రాన సాక్ష్యం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతితోపాటు ధ్రువపత్రం జతచేయాలి. ఫైలును ఎవరూ మార్చలేదని చూపే హ్యాష్ విలువ అందులో ఉండాలి. వాట్సాప్‌లో చేతులు మారిన క్లిప్పు పట్టుకుని కోర్టుకు వెళ్తే మొదటి అభ్యంతరం అక్కడే వస్తుంది.

కారులోనూ ఒక సాక్షి ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయించే చిన్న పెట్టె, చాలా కొత్త కార్లలో, ఢీకొనడానికి ముందు కొన్ని సెకన్ల పాటు వేగం, బ్రేకు, యాక్సిలరేటర్ స్థితి దాచిపెడుతుంది. యూరోపియన్ యూనియన్ 2024 జులై నుంచి అక్కడ అమ్మే కొత్త కార్లన్నిటికీ దీన్ని తప్పనిసరి చేసింది. 2022 సెప్టెంబర్‌లో మహారాష్ట్ర పాల్‌ఘర్ దగ్గర సూర్యా నది వంతెన మీద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించిన ప్రమాదంలో, కారు తయారీ సంస్థ పోలీసులకు ఇచ్చిన వివరాలు పత్రికల్లో వచ్చాయి. కొన్ని సెకన్ల ముందు వేగం 100, గుద్దేటప్పటికి 89. మనిషి జ్ఞాపకం నుంచి ఇంత కచ్చితమైన అంకెలు ఎన్నటికీ రావు.

వేగం రుజువైతే తప్పు రుజువైనట్టేనా?

కాదు. అసలు కేసు మొదలయ్యేది ఇక్కడే. పరిమితి దాటడం ఒక ఉల్లంఘన. ఆ ఉల్లంఘన వల్లే ప్రమాదం జరిగిందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కావాలంటే జరగని ప్రమాదాన్ని లెక్కగట్టాలి. అదే డ్రైవర్, అదే చోట, పరిమితిలో వచ్చి ఉంటే ఏమయ్యేది?

60 పరిమితి ఉన్న రోడ్డు. 46 మీటర్ల దూరంలో ఒక మనిషి రోడ్డు దాటుతూ కనిపించాడు. చూడటం, ప్రమాదమని గ్రహించడం, కాలు యాక్సిలరేటర్ మీద నుంచి బ్రేకు మీదికి రావడం, వీటికి మామూలు మనిషికి ఒకటిన్నర సెకన్లు పడుతుందని అనుకుందాం. 60 మీద ఉన్న కారు ఈలోపు 25 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ తర్వాత బ్రేకు మీద మరో 20. మొత్తం 45. మనిషికి మీటరు దూరంలో కారు ఆగుతుంది.

అదే కారు 80 మీద ఉంటే? బ్రేకు మీద కాలు పడేసరికే 33 మీటర్లు అయిపోయాయి. ఇక మిగిలింది 13 మీటర్ల లోపే. ఆ కాస్త దూరంలో వేగం 80 నుంచి 64కే దిగుతుంది. అంటే మొదటి డ్రైవర్ పూర్తిగా ఆగిపోయిన చోట, రెండో డ్రైవర్ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో మనిషిని గుద్దుతాడు. "ఇరవై ఎక్కువేగా" అన్న వాదనకు దీనికి మించిన సమాధానం లేదు. ఈ లెక్క కోర్టు ముందుంచగలిగితే వేగానికీ మరణానికీ ఉన్న ముడి కళ్లకు కడుతుంది.

ఇప్పుడు దూరం మార్చండి. ఆగి ఉన్న బస్సు వెనుక నుంచి మనిషి 25 మీటర్ల దూరంలో ఒక్కసారిగా వచ్చాడు. 60 మీద ఉన్న డ్రైవర్ కూడా బ్రేకు తొక్కేలోపే గుద్దేస్తాడు. ఇక్కడ గుద్దడానికి అతివేగమే కారణమనలేం. దెబ్బ తీవ్రత పెరగడానికి మాత్రం కారణమే. 60 దెబ్బకంటే 80 దెబ్బలో శక్తి ఒకటిన్నర రెట్ల పైమాటే. నిజాయితీగల లెక్క రెండువైపులా కోస్తుంది, కోయనివ్వాలి. పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునళ్లు బాధితుడి వైపు నిర్లక్ష్యం కూడా ఉందని తేలిస్తే ఆ మేరకు పరిహారం తగ్గిస్తాయి. ఎంత మేరకు అన్నది ఊహించి చెప్పడం కంటే ఇలా లెక్కించి చెప్పడం మేలు.

దీనికంతటికీ ఆధారం ఒకే బిందువు: మనిషిని గుద్దిన చోటు ఏది? అద్దం పెంకులు, బంపరు కింద నుంచి రాలిన ఎండిన మట్టి అందుకు ఆనవాళ్లు. అన్నిటికంటే నమ్మదగ్గది చెప్పు రాసుకున్న గుర్తు. గుద్దిన క్షణంలో బరువు మోస్తున్న కాలి కింద చెప్పు అడుగు రోడ్డుకు రాసుకుని వేలెడంత మరక పడుతుంది. వెతికితేనే కనబడుతుంది.

కరిగిపోయే సాక్ష్యం

పరిహారం కోసం మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదో చూపకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు రావచ్చు. అంతకుమించి, పోయిన మనిషి సంపాదనను బట్టి న్యాయంగా రావలసింది అడగాలంటే 166వ సెక్షన్ కింద తప్పు చూపాలి. అక్కడ అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు, ఏది ఎక్కువ సంభవమో అటు మొగ్గు ఉంటే చాలు. క్రిమినల్ కేసులో అలా కుదరదు. 1998 తీర్పు గుర్తుచేసేది అదే.

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో సవివర నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. రోడ్డు మాత్రం 48 గంటలు ఆగదు. వాన ఒక్కటి పడితే ఏబీఎస్ చార పోతుంది. ట్రాఫిక్ క్లియర్ చేయాలని క్రేన్ రాగానే కారు ఆగిన చోటు పోతుంది. కెమెరాలో పాత రికార్డు మీద కొత్తది ఎక్కేస్తుంది. కాబట్టి అక్కడ ఉన్నవారెవరైనా, గాయపడ్డవారిని ఆస్పత్రికి పంపాక, ఫోన్‌తో తీయాల్సిన ఫొటోలు కొన్ని ఉన్నాయి. చార మొదలు నుంచి చివరిదాకా, స్తంభమో కిలోమీటరు రాయో కలిసి వచ్చేలా దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. నలిగిన కారు ఒక్కదాన్నే నాలుగు వైపులా తీసి వచ్చేస్తే సగం సాక్ష్యం రోడ్డు మీదే మిగిలిపోతుంది. కుటుంబం వైపు నుంచి మొదటి వారంలోనే, దారిపొడవునా ఉన్న షాపుల కెమెరాల రికార్డు భద్రపరచమని స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ఇక నన్ను బాధించే విషయం ఒకటి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వచ్చి తీరాలంటుంది. నిర్లక్ష్యం వల్ల మరణానికి భారతీయ న్యాయ సంహిత 106(1) కింద గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. అంటే రోడ్డు మీద అతివేగానికి బలైన మనిషి విషయంలో నిపుణుడి రాక తప్పనిసరి కాదు. ఆ హద్దు రోడ్డు మరణాలకు వర్తించకుండా చట్టం మార్చాలి. అప్పటిదాకా ప్రతి హైవే పెట్రోలింగ్ వాహనంలో 50 మీటర్ల టేపు, 30 మీటర్ల తాడు, సుద్దముక్క ఉండాలి, వాటిని వాడటం వచ్చిన ఒక హెడ్ కానిస్టేబుల్ ఉండాలి. పంచనామాకు జతచేసే రఫ్ స్కెచ్‌లో చార పొడవు, వంపు లోతు, గుద్దిన చోటి నుంచి కారు ఆగిన దూరం మీటర్లలో రాయని ఎస్సైని, చార్జిషీటు వేయడానికి ముందే పై అధికారి వెనక్కి పంపాలి.